రెండో లైన్లో సున్నా

మేముంటున్న ఊరు నోవైలో మాకు తెలిసిన తెలుగువాళ్ళలో వాస్తు చూపించుకోకుండా ఇల్లు కొన్నవాళ్ళున్నారు. ముహూర్తం పెట్టించకుండా గృహప్రవేశం చేసినవాళ్ళూ ఉన్నారు. మా ఆయనకి రెండో లైను చూపించకుండా టాక్స్ ఫైల్ చేసినవాళ్ళు మాత్రం లేరు.

రెండో లైను సంగతి కాస్త చెప్పాలి. ఇక్కడ కొన్ని రకాల హెల్త్ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళు వైద్యం ఖర్చుల కోసం విడిగా ఒక ఖాతాలో డబ్బు దాచుకోవచ్చు. దాన్ని హెచ్ఎస్ఏ అంటారు. అందులో వేసిన డబ్బుకి టాక్స్ ఉండదు. ఎంత వేశామో ఏటా 8889 అనే ఫారంలో చూపించాలి. జీతంలోంచి ఆఫీసువాళ్ళు కోసి వేసింది తొమ్మిదో లైన్లోకి వెళ్తుంది. మన బ్యాంకులోంచి మన చేత్తో మనం వేసుకున్నది రెండో లైన్లోకి వెళ్తుంది. మనవాళ్ళందరికీ జీతంలోంచే పోతుంది కాబట్టి రెండో లైన్లో సున్నా ఉండాలి. ఇంతే సంగతి. దీని మీద మా ఆయన విశ్వనాథం గారికి ఊళ్ళో వచ్చిన పేరు ఇంకే విషయంలోనూ రాలేదు.

ఆ పేరు కౌశిక్ వల్ల వచ్చింది. కౌశిక్‌ది వరంగల్. పదహారేళ్ళుగా ఇక్కడ ఒకే కంపెనీలో ఉన్నాడు, గ్రీన్ కార్డు ఇంకా రాలేదు. ఏడేళ్ళ క్రితం జీతంలోంచి పోయిన డబ్బునే ‘నా డబ్బేగా’ అని రెండో లైన్లో కూడా రాశాడు. ఒకే డబ్బు రెండుసార్లు వేసినట్టయి, పరిమితి దాటావు, జరిమానా కట్టు అంది సాఫ్ట్‌వేర్. బుద్ధిమంతుడు కాబట్టి కట్టేశాడు. ఆర్నెల్ల తర్వాత మా ఇంట్లో బిర్యానీ తింటూ ఆ మాట యథాలాపంగా చెబితే మా ఆయన ఎంగిలి చేత్తోనే లేచి లాప్‌టాప్ తెరిచారు. డబ్బు వెనక్కి వచ్చింది. అప్పట్నుంచీ ఏటా మార్చిలో ఒక శనివారం మా డైనింగ్ టేబుల్ దగ్గర దర్శనాలు. తొమ్మిది కుటుంబాలు వస్తాయి. నేను ఉప్మా చేస్తాను.

“రెండో లైన్లో ఎంత?” అంటారాయన.

“సున్నా.”

“శుభం.”

ఈ మాటల కోసం ఫార్మింగ్టన్ నుంచి మంచులో కారేసుకుని వచ్చేవాళ్ళు కూడా ఉన్నారు.

మా ఆయన అసలు ఉద్యోగం కార్లలో చప్పుళ్ళు వినడం. కొత్త మోడల్ కారు అరవై మైళ్ళ వేగంలో ఎక్కడో కిర్రుమంటే, అది ఏ స్క్రూ వల్లో ఆయన కనిపెట్టాలి. ఆ పని ఆఫీసులోనే వదిలేసి రావచ్చు కదా, రారు. ఫ్రిజ్‌లో ఆవకాయ సీసాకి పచ్చిమిరపకాయల సీసా తగులుతోందని పక్క గదిలోంచి చెబుతారు. అటువంటి మనిషి దగ్గర నేను ఎనిమిది నెలలు ఒక రహస్యం దాచాను. దానికి నాకెవరూ శాలువా కప్పలేదు.

రహస్యం ఇది. మా అమ్మాయి ప్రణవికి ఇరవై నాలుగేళ్ళు. ఇక్కడికి గంట దూరంలో లాన్సింగ్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో డేటా ఎనలిస్టు. అలా అని మా ఆయన అనుకుంటున్నారు, అందరికీ చెబుతున్నారు కూడా. పోయిన మే నెలలో అది ఆ ఉద్యోగం మానేసింది. హెలెన్ అనే డెబ్బై ఏళ్ళ ఆవిడ దగ్గర పియానోలు శ్రుతి చేయడం, బాగుచేయడం నేర్చుకుని ఆ పని మీద ఇల్లిల్లూ తిరుగుతోంది. జులైలో నేను కాలీఫ్లవర్ తరుగుతుంటే ఫోన్ చేసి చెప్పింది.

“డాడీకి నేనే చెప్తాను అమ్మా. కొంచెం టైం ఇవ్వు,” అంది.

ఇచ్చాను. థ్యాంక్స్‌గివింగ్ వెళ్ళిపోయింది. క్రిస్మస్ వెళ్ళిపోయింది. ఆయన పుట్టినరోజు కేకు కూడా వెళ్ళిపోయింది. ఆదివారం ఫోన్లో ఆయన “ఆఫీసెలా ఉంది?” అనడం, అది “గుడ్” అనడం, నేను వంటింట్లో గిన్నెలు అవసరానికి మించి కడగడం, ఇలా నడిచింది.

చెప్పడానికి అంత భయమెందుకంటే, మా ఇంట్లో ఉద్యోగాలు పోతాయి గానీ మానేయడం అనేది లేదు. ప్రణవికి ఆరేళ్ళప్పుడు మేం ఇక్కడికి వచ్చాం. గ్రీన్ కార్డు వరుసలో పద్నాలుగేళ్ళు నిలబడ్డాం. కార్డు వచ్చేదాకా ఆయన ఆ కంపెనీ వదలకూడదు, పని మారకూడదు, ఎక్కువ జీతమిస్తామని ఎవరైనా పిలిచినా వెళ్ళకూడదు. ఇద్దరు పిలిచారు. ఒకరు ఫ్రీమాంట్ నుంచి. వెళితే వరుస తప్పుతుందేమోనని ఈయన వెళ్ళలేదు. పిల్లకి ఇరవై ఒకటి నిండితే మా వరుసలోంచి పడిపోతుంది, తన దారి తను చూసుకోవాలి. దానికి ఇంకా నాలుగు నెలలుందనగా కార్డులు వచ్చాయి. ఆ రోజు ఆయన పెరుగన్నం తిని మధ్యాహ్నం మూడింటికి పడుకుంటే మర్నాడు ఉదయం లేచారు. ఆ మనిషికి వెళ్ళి, నీ కూతురు ఏడాదిన్నరకే ఉద్యోగం వదిలేసిందీ, ఎందుకంటే ఇంకోటి నచ్చిందీ అని ఎలా చెప్పడం?

ఈ ఏడు ఫిబ్రవరిలో ఆయన దానికి ఫోన్ చేశారు. హెచ్ఎస్ఏ తెరిచానన్నావు కదా, ఆ పేజీ నేను చూడందే ఫైల్ చేయకు అని. అది నాకు ఫోన్ చేసింది. నేను బాగా ఆలోచించి ఉపాయం చెప్పాను.

“ఆ ఒక్క పేజీ ప్రింట్ చేసి తీసుకురా. జీతం కాగితాలేవీ తేకు. ఒక్క పేజీలో ఆయనకేం కనిపిస్తుంది? చూసేశాక భోజనం చేద్దాం. పులిహోర చేస్తాను. తిన్నాక నువ్వే మెల్లగా చెప్పు.”

నా తెలివి తెల్లారినట్టే ఉంది.

శనివారం పదింటికి వచ్చింది. మిగతా కుటుంబాలకి ఒంటిగంట నుంచి టైములిచ్చారు. రాత్రి కురిసిన మంచుని ఆయన పొద్దున్నే డ్రైవ్‌వే మీంచి పారతో ఎత్తేశారు. ప్రణవి వేళ్ళకి రెండు చోట్ల బ్యాండేజీలున్నాయి. స్వెటర్ చేతులు కిందికి లాక్కుని కూర్చుంది. నేను పొయ్యి మీద ఉప్మాకి నీళ్ళు పడేశాను.

“కాగితం,” అన్నారు మా ఆయన.

నాలుగు మడతలు పెట్టిన కాగితం విప్పి ఇచ్చింది. ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు.

“రెండో లైన్లో పన్నెండు వందల అరవై ఉంది.”

“యా.”

“సున్నా ఉండాలి.”

“లేదు డాడీ. అది కరెక్టే.”

“అందరూ అదే అంటారు. కౌశిక్ కూడా అదే అన్నాడు. జీతంలోంచి పోయింది మళ్ళీ రాసుంటావు. ఆఫీసువాళ్ళిచ్చే జీతం కాగితం, డబ్ల్యూ-టూ ఏది?”

“తేలేదు. అమ్మ వద్దు అంది.”

ఈ దేశంలో పెరిగిన పిల్లలకి చదువు వస్తుంది, ఈత వస్తుంది, అబద్ధం మాత్రం రాదు. ఆయన నావైపు చూశారు. నేను రవ్వ వైపు చూశాను.

“ఒక్క పేజీ చాలదా అని...” అన్నాను.

“నేను నీ ఇన్సూరెన్స్ ప్లాన్‌లోనే ఉన్నా కదా డాడీ,” అంది ప్రణవి గబగబా. “ట్వెంటీ సిక్స్ నిండేదాకా ఉండచ్చు అన్నావు. సో ఆఫీస్ ఏం వెయ్యదు. అకౌంట్ నేనే ఓపెన్ చేశాను, మనీ నేనే వేశాను. నువ్వే కదా చెప్పేది, హెచ్ఎస్ఏ వెయ్యండి, హెచ్ఎస్ఏ వెయ్యండి అని. ప్రతి పార్టీలో. అందరికీ.”

ఆయన మొహం కాస్త విప్పారింది. పద్దెనిమిదేళ్ళుగా చేస్తున్న ఉపన్యాసం ఇంట్లో ఒకళ్ళు విన్నారని ఆయనకి అప్పుడే తెలిసింది.

“నా టాక్స్‌లో నిన్ను నేను డిపెండెంట్‌గా చూపించడం లేదు కాబట్టి చెల్లుతుంది,” అన్నారు ఆలోచిస్తూ. “అయితే నెలనెలా నువ్వే వేశావా?”

“అలాంటిదే.”

“అలాంటిదే అంటే?”

“కొంచెం కొంచెం వేశాను.”

“స్టేట్‌మెంట్ చూపించు. సున్నా కానప్పుడు రుజువుండాలి.”

అది నావైపు చూసింది. అక్కడ నేను అడ్డొచ్చి, ఇప్పుడవన్నీ ఎందుకండీ ఉప్మా చల్లారిపోతుంది అనాలి. ఉప్మా ఇంకా ఉడకనే లేదు. అది ఫోన్ తెరిచి ఆయన చేతికిచ్చింది.

ఆయన వేలితో పైకి తోస్తూ చదివారు.

“జూన్‌లో మొదలైంది. పదో తారీఖు మంగళవారం నలభై. పద్నాలుగు శనివారం అరవై. పదహారున ఇరవై.” ఆగారు. “ఏ ఆఫీసు శనివారం జీతమిస్తుంది?”

ప్రణవి స్వెటర్ చేతులు ఇంకాస్త కిందికి లాక్కుంది.

“అన్నీ ఇరవయ్యో ఎక్కంలా ఉన్నాయి. పక్కన ఏదో రాశావు.”

“అది నా నోట్స్ డాడీ. అది చదవక్కర్లేదు.”

టాక్స్ కాగితం మీద ఒక అక్షరముండగా చదవక్కర్లేదంటే ఆయన ఊరుకోరు. పైకే చదివారు, అదే గొంతుతో.

“చర్చి, పెడల్. స్కూలు, మూడు తీగలు. మిసెస్ డన్, ఎలక.” కళ్ళజోడు పైనుంచి చూశారు. “ఎలకేమిటి?”

“లోపల నెస్ట్ కట్టింది.”

“దేని లోపల?”

“పియానో.”

“ఇన్సూరెన్స్ ఆఫీసులో పియానో ఎందుకుంది?”

అప్పుడు చెప్పింది. పులిహోర లేదు, మెల్లగా లేదు. “డాడీ, మేలో జాబ్ వదిలేశాను. ఇప్పుడు పియానోలు ట్యూన్ చేస్తాను.”

ఉప్మా అడుగంటిన వాసన వచ్చింది. నేను అటు చూడకుండానే పొయ్యి కట్టేశాను.

“తీసేశారా?” అన్నారాయన.

“లేదు. నేనే.”

“లేఆఫా? ఎంతమందిని తీశారు?”

“ఎవరినీ తియ్యలేదు డాడీ. నేనే వదిలేశాను.”

ఆయన కళ్ళజోడు తీసి కాగితం మీద పెట్టారు. ఎందుకు అని అడుగుతారనుకున్నాను. ఎందుకనడానికి ప్రణవి దగ్గర జవాబుంది, నెలల తరబడి నా దగ్గర సాధన చేసింది. ఆయన అది అడగలేదు.

“ఎలా?” అన్నారు.

“ఎలా అంటే?”

“ఎలా వదిలేశావు? ఏం చేశావు?”

“ఈమెయిల్ పంపాను.”

“ఎన్ని లైన్లు?”

“ఐ డోంట్ నో. మూడు.”

“మూడు లైన్లు,” అన్నారు. “లాయర్‌కి చూపించావా?”

“లాయరా?” ప్రణవికి నిజంగానే అర్థం కాలేదు. “లాయర్ ఎందుకు?”

మా ఆయన లేచి బూట్లు తొడుక్కుని, గరాజ్‌లోంచి పార తీసుకుని బయటికి వెళ్ళారు. డ్రైవ్‌వే మీద మంచు లేదు. లేని మంచుని ఈ చివర నుంచి ఆ చివరదాకా ఎత్తి, తర్వాత పక్కింటివాళ్ళది మొదలుపెట్టారు. ఆ ఇంటాయన కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

“అమ్మా, బాగా కోపం వచ్చిందా?” అంది ప్రణవి ఏడుస్తూ.

నాకు దాని మీద కోపంగా ఉంది, ఎనిమిది నెలలు నా చేత గిన్నెలు తోమించినందుకు. ఆయన మీదా కోపంగా ఉంది, కోపం వచ్చిందో లేదో తెలియనివ్వనందుకు. అంతకంటే ఎక్కువగా ఏడుపొస్తోంది. వరుసలో నిలబడ్డ ఆ పద్నాలుగేళ్ళలో, కార్డు ఎక్కడ ఆగిపోతుందోనని మేం లాయర్‌ని అడగనిది లేదు. ఇల్లు మారాలంటే అడిగాం. ఆయన నాన్నగారు పోయినప్పుడు ఇండియా వెళ్ళాలంటే ముందు లాయర్‌ని అడిగి, తర్వాత టికెట్ కొన్నాం. ఇదేమో లాయర్ ఎందుకని అడుగుతోంది. ఆ సంగతి దానికి తెలియకుండా ఉండటానికే ఆయన అన్నేళ్ళూ ఆ ఆఫీసు కుర్చీలోంచి లేవలేదు. అది నాకు అప్పుడే తట్టింది. బయట పక్కింటివాళ్ళ మంచు ఎత్తుతున్న మనిషికి కూడా అప్పుడే తట్టిందేమో. ఇద్దరం పెద్ద తెలివైనవాళ్ళం కాం.

ఇరవై నిమిషాలకి వచ్చారు. టోపీ కూడా తీయకుండా కూర్చున్నారు.

“పియానోకి ఇరవయ్యా?”

“యా. ఒక్కోదానికి ట్వెంటీ పక్కన పెడతాను. వచ్చిన రోజే పక్కన పెట్టాలి అన్నావు కదా.”

ఆయన ఇంటికప్పు వైపు చూసి భాగించారు. “అరవై మూడు.”

“అరవై మూడు,” అంది.

“అన్నీ నువ్వే చేశావా?”

“ఫస్ట్ ట్వెల్వ్ నా టీచర్ హెలెన్‌తో. తర్వాత నేనే.”

“మైలేజి రాశావా?”

“ఏం మైలేజి?”

అప్పుడు అరిచారు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆయన అంత గట్టిగా అరవడం నేను వినలేదు. “అరవై మూడు చోట్లకి కారేసుకుని తిరిగి మైలేజి రాయలేదా? సొంత పని మీద తిరిగిన ప్రతి మైలుకీ టాక్స్‌లో తగ్గింపుంటుంది! ఎవరైనా వింటే నవ్విపోతారు! విశ్వనాథం కూతురు మైలేజి రాయలేదట!”

ప్రణవి హడలిపోయి నావైపు చూసింది. నేను స్థిమితపడి, మాడని ఉప్మా వేరే గిన్నెలోకి తీశాను. ఆయన టాక్స్ గురించి తిడుతున్నారంటే మనిషి మామూలైపోయినట్టే.

మిసెస్ డన్ ఇంటికి ఎన్ని మైళ్ళో, చర్చికి ఎన్ని మైళ్ళో క్యాలెండర్ చూసి రాసుకు రమ్మని హోంవర్క్ ఇచ్చారు. తర్వాత హాల్లోకి చూశారు. అక్కడ ప్రణవి ఎనిమిదో ఏట గరాజ్ సేల్‌లో కొన్న పియానో ఉంది. అది కాలేజీకి వెళ్ళాక ఎవరూ ముట్టుకోలేదు. దాని మీద నా మనీప్లాంట్ ఉంది.

“అందులో ఏదో మోగుతుంది,” అన్నారు. “చెత్త లారీ వెళ్ళినప్పుడల్లా. ఏళ్ళ తరబడి.”

“ఏ మెట్టు దగ్గర?”

ఆయన నోటితో సన్నగా ‘ఊఁ’ అని ఆ స్వరం పట్టారు. అది లేచి వెళ్ళి ఒక్క మెట్టు నొక్కింది. అదే స్వరం. లోపల ఏదో జుయ్యిమంది.

కారులోంచి పనిముట్ల సంచి తెచ్చింది. చేత్తో కుట్టిన పొడవాటి గుడ్డని నేల మీద పరిచి, దాని అరల్లోంచి ఒక్కో పనిముట్టూ తీస్తుంటే ఆయన టార్చిలైటు పట్టుకుని పక్కన నిలబడ్డారు. ముందు చెక్క తీసేసి ఇద్దరూ లోపలికి చెవులొగ్గారు.

“ఎడమ పక్కన,” అన్నారాయన.

“కాదు డాడీ. ఇంకా కింద. వెనక.”

“ఎడమే.”

అది చెయ్యి లోపలికి పెట్టి, కింద వెనక నుంచి ఒక తలపిన్ను తీసింది. సీతాకోకచిలుక ఉన్న ఎర్ర పిన్ను. రెండో క్లాసులో పోయిందని నేను ప్రణవిని కొట్టబోయిన పిన్ను. మా ఆయన దాన్ని తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నారు. కార్ల కంపెనీ ఆయనకి జీతమిచ్చేది ఇలాంటివి ముందుగా కనిపెట్టినందుకే.

“బానే ఉంది నీ చెవి,” అన్నారు. ఆయన నోటినుంచి అది పెద్ద మాట. ప్రణవి ముక్కు తుడుచుకుని తీగలు బిగించడం మొదలుపెట్టింది. బ్యాండేజీలు ఆయన అప్పుడు చూశారు. వెళ్ళి కొత్త బ్యాండేజీల డబ్బా తెచ్చి పియానో మీద పెట్టారు.

పన్నెండున్నరకి, “ఎంత తీసుకుంటావు?” అన్నారు.

“డాడీ, ప్లీజ్.”

“ఎంత?”

“ఇన్ని ఇయర్స్ ట్యూన్ చెయ్యలేదు కాబట్టి... టూ టెన్.”

చెక్కు రాసిచ్చారు. “ఇప్పుడు ఇందులోంచి ఇరవై వెయ్యి. ఇక్కడే, నా ముందే. పోయిన ఏడాదికి అని నొక్కు. ఏప్రిల్ పదిహేను లోపల వేస్తే పోయిన ఏడాదిలోకే తీసుకుంటారు.”

అది ఫోన్లో వేసింది. పక్కన నోట్ కూడా రాసింది: డాడీ, పిన్ను. ఆయన పెన్ను తీసి రెండో లైన్లో 1,260 కొట్టేసి 1,280 అని వేశారు. ఆ లైన్లో ఆయన చేత్తో సున్నా కాని అంకె వేయడం నేను చూడటం అదే మొదటిసారి.

ఒంటిగంటకి కౌశిక్ వచ్చాడు. ప్రణవి హాల్లో అటు తిరిగి కూర్చుని పై మెట్లు ఒక్కొక్కటే సరిచూస్తోంది.

“ఏంది వదినా, పియానో రిపేరుకి ఎవరో వచ్చిన్రు?” అన్నాడు బూట్లు విప్పుతూ. “మంచిగ చేస్తరా? మా బిడ్డ వేదది కూడా చూపియ్యాలె.”

కౌశిక్‌కి తెలిస్తే తొమ్మిది కుటుంబాలకీ తెలిసినట్టే. మాట మార్చడానికి ఉప్మా ప్లేటు అందుకున్నాను.

“మా ప్రణవి,” అన్నారు మా ఆయన డైనింగ్ టేబుల్ దగ్గర్నుంచి. “అపాయింట్‌మెంట్ తీసుకో. శనివారాలు ఖాళీ ఉండదు.”

“ప్రణవి ఇన్సూరెన్స్ కంపెనీల కదా అన్నా?”

“మానేసింది.”

“అయ్యో, తీసేసిన్రా?”

“కాదు. తనే మానేసింది. మూడు లైన్ల ఈమెయిల్ పంపి వచ్చేసింది.”

కౌశిక్ సంచి జిప్పు మీద చెయ్యి ఆపేశాడు. “గట్లెట్ల? మరి లాయర్ ఏమన్నడు?”

“లాయర్ ఎందుకు?” అన్నారు మా ఆయన.

హాల్లో పియానో ఆగింది. కౌశిక్ ఆయన వైపు చూశాడు, ప్రణవి వైపు చూశాడు. మెల్లగా కుర్చీ లాక్కుని కూర్చుని, ఫారం తీసి టేబుల్ మీద పెట్టాడు. అడక్కుండానే చెప్పాడు.

“రెండో లైన్ల సున్నా, అన్నా.”

“తెలుసు,” అన్నారు మా ఆయన. ఈసారి శుభం అనలేదు. నా చేతిలోంచి ప్లేటు తీసుకుని, మాడిన చోటు చెంచాతో పక్కకి తీసి, అతని ముందుకు జరిపారు.